బోసిమెడ

విమానం దిగగానే ఊరు కనపడుతుందనుకున్నాడు ఇస్సాకు. బందరు బస్టాండులో దిగితే బందరు కనపడుతుంది, గుడివాడలో దిగితే గుడివాడ కనపడుతుంది. ఇక్కడేమో నున్నటి నేల, అద్దాల గోడలు, కుండీల్లో మొక్కలు తప్ప బెంగుళూరన్నది ఎక్కడా లేదు. తలుపు దాటి బయటికొచ్చాక కూడా లేదు. యూనిఫాం వేసుకున్న ఒకతన్ని ఆపి, ఊరెక్కడండీ అని తెలుగులోనే అడిగాడు. ఆ మనిషి కూడా తెలుగులోనే, ఊరు ఇక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్లని చెప్పి నవ్వాడు. ఇంత దూరాన దింపేదానికి విమానం ఎందుకని ఇస్సాకు భార్యను అడిగాడు. తోచిన ప్రతి మాటా పైకి అనేయటం అతని అలవాటు. గిలకలదిండి నుంచి బోటు మీద చేపల వేటకెళ్లే మనిషి. ఇప్పుడు వేట నిషేధం రోజులు కాబట్టి భార్యకు తోడొచ్చాడు.

రాహేలు నవ్వలేదు. ఆమె చంకలో ఒక అట్టపెట్టె ఉంది. గన్నవరంలో విమానం ఎక్కినప్పటి నుంచి దాన్ని ఆమె ఒక్క క్షణం కూడా వదల్లేదు. చిలకలపూడిలో ఆరు వారాలు కూర్చుని చేసిన నగలు అందులో ఉన్నాయి. రెండు జతల బుట్టలు, ఒక రాళ్ల నెక్లెసు, ఒక సూత్రాల గొలుసు. అన్నీ రోల్డుగోల్డువే. రాళ్లు పొదగటం ఆమెకు పదిహేనో ఏట పట్టుబడిన పని. రేపు ఉదయం తొమ్మిదింటికి జయనగరులో ఒక శిక్షణ సంస్థ వాళ్ల ముందు కూర్చుని, వాళ్లిచ్చిన రాళ్లను పొదిగి చూపించాలి. నెగ్గితే బందరులో కొత్తగా పెట్టే కేంద్రంలో ఆమెకు నేర్పే ఉద్యోగం వస్తుంది. నగలకు పూత వేసే తొట్ల దగ్గర ఆ రసాయనాల ఘాటు పీలుస్తూ కూర్చోనక్కర్లేదు. ఇద్దరికీ విమానం టికెట్లు సంస్థే పంపింది. బస మాత్రం ఎవరిది వాళ్లు చూసుకోవాలి, రోజుకి వెయ్యి దాటితే సంస్థ ఇవ్వదు.

మధ్యాహ్నం గన్నవరంలో సోదా దగ్గర ఒక అమ్మాయి ఈ పెట్టె తెరిపించింది. ఇంత బంగారం పెట్టెలో పెట్టుకుని మెడ బోసిగా ఉంచుకున్నారేమని అడిగింది. బంగారం కాదండీ, రోల్డుగోల్డు అని రాహేలు వెంటనే చెప్పేసింది. ఆ మాట ఆమె నోట దానంతటదే వస్తుంది. చిలకలపూడి పనివాళ్లు తమ చేతి పనిని ఎవరూ బంగారమనుకోనివ్వరు. మెచ్చుకోబోయే మనిషి మాట పూర్తికాక ముందే చెప్పేస్తారు. అడిగినదాంట్లో రెండో సగానికి మాత్రం రాహేలు జవాబివ్వలేదు.

రాహేలు వాళ్ల సంఘంలో బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్లు నగ పెట్టరు. తాళి కూడా ఉంచుకోరు. ఆమె మెడ బోసిదై పద్నాలుగేళ్లయింది. పగలంతా ఊళ్లోవాళ్ల మెడలకు నగలు చేయటం, సాయంత్రం చేతులు కడుక్కుని బోసిమెడతో ఇంటికి వెళ్లటం ఆమెకు ఎన్నడూ వింతగా తోచలేదు. కిందటి నెలలో వాళ్ల సంఘంలోని వినీల అనే అమ్మాయి తమ్ముడి పెళ్లిలో గొలుసు వేసుకుంటే, ఆ సంగతి సంఘపెద్ద కృపావరంగారికి తెలిసింది. మూడు నెలలు బల్లకు దూరం పెట్టారు. అంటే ఆదివారం అందరికీ రొట్టె పళ్లెం అందుతుంది, వినీలకు అందదు. వెనక వరసలో తలుపు పక్కన కూర్చుని చూస్తూ ఉంటుంది. రాహేలుకు ఆ పిల్లను చూస్తే జాలేసేది గానీ, కట్టుబాటు కట్టుబాటే కదా అనుకునేది.

టాక్సీ వాళ్లు చుట్టూ మూగి పదిహేను వందలు, పద్నాలుగు వందలు అని పాట పాడుతుంటే, వాళ్లను తప్పించుకుని బస్సు దగ్గరికి చేరేసరికి అరగంట పట్టింది. కండక్టరు చిత్తూరు వైపు ఆడమనిషి. రాహేలు చంకలో పెట్టె చూసి, అది ఒళ్లో పెట్టుకోవటానికి వీలుగా ముందు సీటు ఖాళీ చేయించింది. మెజెస్టిక్‌లో దిగండి, నేను చెబుతాలే అంది. కిటికీలోంచి బోర్డులు చూస్తుంటే రాహేలుకు ఒక తమాషా తెలిసింది. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు మేనత్త బిడ్డల్లా ఉన్నాయి. నిదానంగా చూస్తే సగం పైగా చదవొచ్చు. ఒక్కో బోర్డూ కూడబలుక్కుని చదువుతూ ఆమె ఊళ్లోకి వచ్చింది. కొత్త చోటి మీద బెదురు అక్కడికి కొంత తగ్గింది. దిగేటప్పుడు కండక్టరు చెయ్యందించి పెట్టె పట్టుకుంది. ఆ పెట్టెను ఆ రోజు రాహేలు ఇంకొకరి చేతికిచ్చింది అప్పుడొక్కసారే.

బస గురించి ఇద్దరికీ దిగులు లేదు. వాళ్ల కూతురు ఏంజెల్ గుడివాడలో నర్సింగు చదువుతోంది. ఫోన్లో చూసి, మెజెస్టిక్ బస్టాండు వెనక వీధిలో ఎనిమిది వందల యాభైకి ఒక లాడ్జి గది ముందే మాట్లాడి పెట్టింది. ఆ లాడ్జి మెట్లెక్కేసరికి ఏడున్నరయింది. కౌంటరులో ఉన్న కుర్రవయసు మనిషి బుకింగ్ చూశాడు, సరే అన్నాడు. ఇద్దరి ఆధార్ కార్డులూ తీసుకుని పక్కపక్కన పెట్టాడు. రాహేలు కార్డులో తండ్రి పేరుంది, ఊరు చిలకలపూడి. ఇస్సాకు కార్డులో ఊరు పాలకాయతిప్ప. వేట నిషేధం పరిహారం సొంతూళ్లోనే వస్తుందని అతను ఆ కార్డు మార్పించుకోలేదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా కాగితాల మీద వాళ్లిద్దరికీ సంబంధం లేదు. ఆ మనిషి కార్డుల మీంచి తల ఎత్తి రాహేలు మెడ చూశాడు, చేతులు చూశాడు, నుదురు చూశాడు. కార్డులు రెండూ కౌంటరు మీద ఇవతలికి తోసేశాడు.

ఇస్సాకు వదల్లేదు. మేము విశ్వాసులం, మా ఆడవాళ్లు పెట్టుకోరు అని చెప్పాడు. ఫోన్లో ఏంజెల్ ఫోటోలు చూపించాడు. చివరికి ఏంజెల్‌కే ఫోన్ కలిపి అతనికిచ్చాడు. అతను ఫోన్ చెవిలో పెట్టుకుని రెండు మాటలు విని, నవ్వి తిరిగిచ్చేశాడు. ఫోన్లో డాడీ అని ఎవరైనా అంటారు అన్నాడు, వచ్చీరాని తెలుగులో. గోడవారగా బెంచీ మీద పేపరు చదువుకుంటున్న ఇద్దరు మగవాళ్లు పేపరు దించి రాహేలును చూశారు. ఆ చూపు ఎలాంటిదో ఆమెకు తెలుసు. నలభై నాలుగేళ్లు వచ్చాక, కూతురు గొంతు ఇంకా ఫోన్లో వినపడుతుండగా, ఆమె మొగుడి పక్కన నిలబడి ఆ చూపు పడాల్సి వచ్చింది. పెట్టె చంకలోకి సర్దుకుని ముందుగా మెట్లు దిగింది.

రెండో చోట గది పద్దెనిమిది వందలన్నారు. మూడో చోట కౌంటరులో పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనా మొదట కార్డులే చూశాడు, తరవాత మెడ చూశాడు. కానీ చూపు తిప్పుకున్నాడు. పోలీసులు వచ్చి అడుగుతారని, యజమాని తన ఉద్యోగం తీసేస్తాడని, తనకు మాత్రం వీళ్ల మీద అనుమానం లేదని ఓపిగ్గా చెప్పాడు. "మెడలో ఏదో ఒకటి వేసుకురామ్మా. పసుపుతాడైనా చాలు. నన్నెవరూ అడగరు, నిన్నూ అడగరు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అందుకే ఆ మాట రాహేలుకు మొదటి లాడ్జిలో నవ్వు కంటే గట్టిగా తగిలింది.

కిందికి దిగేసరికి వాన మొదలైంది. మూసేసిన బట్టల కొట్టు ముందు రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. ఇస్సాకు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అతను అంతసేపు మాట్లాడకుండా ఉండటం రాహేలు ఎప్పుడో గాని చూడలేదు. చివరికి, బస్టాండులో బెంచీ మీద కూర్చుందాం, నువ్వు నా భుజం మీద తల పెట్టుకుని పడుకో అన్నాడు.

రాహేలు తన కుడిచేతి వేళ్లు చూసుకుంది. నిద్ర లేని చెయ్యి వణుకుతుంది. గింజంత రాయిని పట్టకారుతో పట్టుకుని గూట్లో కూర్చోబెట్టి, గూడు చుట్టూ ఉన్న లోహపు పళ్లను ఒక్కొక్కటే దాని మీదికి నొక్కాలి. చెయ్యి వెంట్రుకవాసి కదిలితే రాయి ఎగిరిపోతుంది, మళ్లీ దొరకదు. ముప్పై ఏళ్లలో ఎన్ని ఎగరగొట్టలేదు. జ్వరం వచ్చి లేచిన రోజుల్లో, ఏంజెల్ పుట్టిన కొత్తలో, ఇట్లాగే నిద్ర చాలక. రేపు ఎగిరితే మళ్లీ పిలవరు.

ఆమె పెట్టె తాడు విప్పింది. ఇస్సాకు చూసి, వద్దు రాహేలూ అన్నాడు. ఆమె సూత్రాల గొలుసు బయటికి తీసింది.

"నేను వేసుకోమని అనలేదు," అన్నాడు ఇస్సాకు. "రేపు ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు, నేనే బలవంతపెట్టానని."

"నీ పేరెందుకు చెబుతాను. వేసుకునేది నేను."

ఇలాంటి గొలుసుల కొక్కేలు వేసి తీసి చూడటం ఆమెకు రోజూ ఉండే పనే. చెక్కబొమ్మ మెడకు వేసి, వెలుతురులో చూసి తీసేస్తుంది. ఇప్పుడు కొక్కెం ఎంతకీ పడలేదు. ఇస్సాకు వెనక్కి వచ్చి, తడిచేతులు చొక్కాకు తుడుచుకుని, తగిలించాడు. వలముళ్లు వేసే చేతులు కదా, ఆ పని నిమిషంలో అయిపోయింది. గొలుసుకి పెద్ద బరువు లేదు. అయినా రోడ్డు మీద పోయేవాళ్లంతా తన మెడే చూస్తున్నట్టు రాహేలుకు అనిపించింది. నిజానికి వానలో ఎవరి గొడవ వాళ్లది. మనసులో ఆమె ప్రార్థన కూడా చేయలేకపోయింది. ఏమని చేయాలో తెలియలేదు.

నాలుగో లాడ్జి సందు చివర ఉంది. కౌంటరులో యాభై ఏళ్ల ఆడమనిషి, నీలం చీర, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. రాహేలు మెడ ఒకసారి చూసి, రిజిస్టరు తిప్పి ఇస్సాకు ముందు పెట్టింది. కార్డుల నకళ్లు తీసింది, పక్కపక్కన పెట్టి చూడలేదు. గది ఎనిమిది వందలు. అంతే. మూడు చోట్ల అన్ని మాటలకు కానిది ఇక్కడ ఒక్క మాట లేకుండా అయిపోయింది. ఇస్సాకు పేరు రాస్తూ, పెన్ను సరిగా పడటం లేదని గొణిగాడు. ఆ గొణుగుడు విని ఆమె తెలుగులోకి వచ్చేసింది.

"బందరు వాళ్లా? మాది గుడివాడండీ. నా పేరు ఉమాశ్రీ. ఇరవై ఏళ్ల బట్టి ఇక్కడే మేనేజరుగా ఉన్నాను." రాహేలు వైపు తిరిగి, గొలుసు కేసి చూస్తూ మెచ్చుకోలుగా అంది. "పనితనం చాలా బావుందండీ. ఎన్ని కాసులు పట్టింది?"

"బంగారం కాదండీ. రోల్డుగోల్డు."

అనేశాక గానీ రాహేలుకు తాను అన్నది తెలియలేదు. ఇస్సాకు పెన్ను ఆగింది. అక్కడితో ఆపేసినా సరిపోయేది. రోల్డుగోల్డు సూత్రాలు వేసుకుని తిరిగేవాళ్లు దేశం నిండా ఉన్నారు. కానీ ఆ ఒక్క ముక్కా నిజం చెప్పాక, మిగిలింది దాచుకోవటం ఆమెకు చేతకాలేదు.

"ఇది నేను వేసుకునేది కూడా కాదండీ. పరీక్ష కోసం చేసి తెచ్చిన సరుకు. మా సంఘంలో మేం ఏమీ పెట్టుకోం. మెడలో లేదని రెండు చోట్ల గది ఇవ్వలేదు. అందుకని ఇందాక వీధిలో వేసుకున్నాను. ఈయన మా ఆయనే. అది మాత్రం నిజం."

ఉమాశ్రీ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. తరవాత గోడకున్న తాళం తీసి ఇస్సాకు చేతిలో పెట్టి, పైన పద్నాలుగో నంబరు, నీళ్లు వస్తున్నాయో లేదో చూసి రమ్మంది. అతను రాహేలు మొహం చూశాడు. వెళ్లమని ఆమె తల ఊపాక వెళ్లాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు పై అంతస్తుకు చేరేదాకా ఉమాశ్రీ ఆగింది. అప్పుడు జాకెట్టులోంచి తన సూత్రాల గొలుసు పైకి తీసి, రాహేలు చూసేటట్టు కౌంటరు మీదికి వంగింది.

"మీకు చూడగానే తెలియాలి. చెప్పండి, ఏంటిది?"

రాహేలు వేలితో తడిమి చూసింది. పూత మెడ దగ్గర అరిగి రాగి తేలింది. కొక్కెం వదులైంది. "ఇదీ రోల్డుగోల్డేనండీ," అంది.

"ఎవరూ కట్టలేదండీ దీన్ని. నాకు పెళ్లి కాలేదు. ఈ కుర్చీలో కూర్చున్న మొదటి నెల, గది అడగటానికి వచ్చిన ప్రతివాడూ నా నంబరు కూడా అడిగేవాడు. ఒకడు తాళం తీసుకుంటూ చెయ్యి పట్టుకున్నాడు. మర్నాడు వెళ్లి ఇది కొనుక్కుని, నేనే వేసుకున్నాను. మా ఆయన దుబాయిలో ఉంటాడని చెప్పాను. అప్పట్నుంచీ అందరూ అమ్మా అంటున్నారు." గొలుసు మళ్లీ లోపల వేసుకుంది. "మా ఓనరుక్కూడా తెలియదు. ఎందుకో మీతో అనాలనిపించింది. అది తీసేసి పెట్టెలో పెట్టుకోండి. నా దగ్గర అక్కర్లేదు."

రాహేలు చేతులు మెడ వెనక్కి పోయాయి. ఈసారి కొక్కెం వెంటనే ఊడింది. ఎవరో తన నెత్తి మీది బుట్ట దించినట్టు అనిపించి, కళ్లలో నీళ్లు తిరిగాయి. థాంక్సండీ అనబోయింది. ఆ మాట చాలదనిపించి, కౌంటరు మీదున్న ఉమాశ్రీ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కూడా తనను పట్టుకుందని ఆమెకు తెలిసింది.

ఆ రాత్రి ఆమె ఒళ్లెరగకుండా నిద్రపోయింది. అయిదింటికి తలుపు కొట్టించి ఉమాశ్రీ వేణ్ణీళ్ల బకెట్టు పంపించింది. జయనగరు బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చీటీ మీద రాసిచ్చింది. ఎందుకైనా మంచిదని చీటీలో బస్సు నంబరు కన్నడ అంకెల్లో కూడా రాసింది. ఇస్సాకు, ఈవిడే మా ఆవిడకు పరీక్ష రాయిస్తోంది, నేను ఊరికే సంచి మొయ్యటానికొచ్చాను అన్నాడు. రాత్రి వాన కింద పోయిన అతని మాటలన్నీ పొద్దున్నే తిరిగొచ్చాయి.

పరీక్షకు దేశం నలుమూలల నుంచి పద్దెనిమిది మంది వచ్చారు. ఒక్కొక్కరికి అరవై రాళ్లు, ఒక పతకం, లక్క పరిచిన చెక్క ఇచ్చారు. రాహేలు పతకాన్ని లక్కలో కూర్చోబెట్టి, ఆకురాయితో గూళ్ల అంచులు సరిచేసుకుని, మొదటి రాయి పట్టకారుతో ఎత్తింది. చెయ్యి నిలకడగా ఉంది. అప్పుడామెకు ప్రార్థన వచ్చింది. ప్రభువా, ఆ గుడివాడ ఆవిడను చల్లగా చూడు అనుకుని రాయి దింపింది. రెండో రాయికీ అదే మాట వచ్చింది. రాయికొక ప్రార్థన చొప్పున మధ్యాహ్నందాకా సాగింది. ఒక్కటి కూడా ఎగరలేదు. పరీక్షకులు చుట్టూ తిరుగుతూ రెండుసార్లు ఆమె బల్ల దగ్గర ఆగారు. రెండో రోజు, తన దగ్గరున్న పని కొత్తవాళ్లకు ఎలా చెబుతుందో చూడటానికి, ఇద్దరు కాలేజీ పిల్లల్ని ఆమె ముందు కూర్చోబెట్టారు. ఆమె వాళ్లకు ముందు చెప్పింది రాయి పట్టుకోవటం కాదు, ఊపిరి ఎప్పుడు వదలాలో చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం ఏడు పేర్లు చదివారు. అందులో ఆమె పేరు మూడోది.

లాడ్జికి తిరిగొచ్చి ఉమాశ్రీకి చెబితే, ఆమె కుర్చీలోంచి లేచి రాహేలును కావలించుకుంది. బయల్దేరటానికి ఇంకా రెండు గంటల టైముంది. రాహేలు తన పనిముట్ల సంచి విప్పి, కౌంటరు వెనక కిందికి కూర్చుని, మీ గొలుసు ఒకసారి ఇవ్వండి అని అడిగింది. ఆ కొక్కెం వదులు రెండు రోజులుగా ఆమె మనసులో మెదులుతూనే ఉంది. ఎప్పుడో నలుగురి ముందు ఊడి పడుతుంది. ఉమాశ్రీ కొంగు భుజాల మీదుగా కప్పుకుని గొలుసు తీసిచ్చింది. రాహేలు కొక్కెం బిగించి, పలచబడిన రెండు లంకెలు మార్చి, మెత్తటి గుడ్డతో రుద్ది మెరుగు తెప్పించింది. నగ పెట్టుకోనని మాటిచ్చిన మనిషి, ఎవరూ కట్టని సూత్రాలకు మెరుగు పెడుతోంది. తాను చేసిన నగల్లో ఇంత ఇష్టంగా చేసింది ఇంకోటి లేదని ఆమెకు అనిపించింది.

"రోజూ స్నానమయ్యాక పొడిగుడ్డతో తుడవండి. ఇంకో అయిదేళ్లు ఉంటుంది," అంది లేస్తూ.

"అయిదేళ్ల తర్వాత?"

"పోస్టులో పంపండి, మళ్లీ చేస్తాను. మా ఊరి పేరు రాస్తే చాలు."

తిరుగు విమానంలో ఇస్సాకు కిటికీ పక్కన కూర్చుని కిందికి చూస్తూ, ఆదివారం సాక్ష్యం చెబుతావా అని అడిగాడు. వాళ్ల సంఘంలో మేలు జరిగిన వాళ్లు లేచి నలుగురికీ చెప్పి స్తుతించాలి, అది ఆనవాయితీ. చెప్పకపోతే ఎలా అంది రాహేలు. ఉద్యోగం సంగతి చెప్పు, గది దొరికిన సంగతి చెప్పు అన్నాడు. వీధిలో జరిగింది తనకూ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదని, తాను చచ్చినా అననని అన్నాడు. అతని మాటల్లో తమాషా లేదు. రాహేలు కళ్ల ముందు తలుపు పక్క వెనక వరస ఉంది. మూడు నెలలు అక్కడ కూర్చోవాలేమో. పద్నాలుగేళ్లలో ఒక్క ఆదివారం కూడా ఆమె చేతికి ఆ పళ్లెం అందకుండా పోలేదు. జ్వరంతో ఉన్నా వెళ్లింది.

ఆదివారం మందిరంలోకి వెళ్లగానే రాహేలు ఎప్పుడూ కూర్చునే రెండో వరసకు వెళ్లలేదు. వెనక్కి వెళ్లి తలుపు పక్కన, వినీల దగ్గర కూర్చుంది. వినీల ఆశ్చర్యంగా చూసి జరిగింది. మగవాళ్ల వైపు నుంచి ఇస్సాకు తిరిగి చూసి, తల వంచుకున్నాడు.

సాక్ష్యాల సమయం వచ్చింది. రాహేలు లేచి, ప్రభువు నామంలో అందరికీ వందనాలు అంది. విమానం సంగతి చెప్పింది, బస్సులో కండక్టరు సంగతి చెప్పింది. ఒక్కో మేలుకీ అందరూ స్తోత్రం అంటున్నారు. మొదటి లాడ్జి చెప్పేసరికి ఆడవాళ్లు నొచ్చుకుని నిట్టూర్చారు. మూడో లాడ్జి పెద్దాయన మాట చెప్పింది.

"అప్పుడు పెట్టె విప్పి, సూత్రాల గొలుసు మెడలో వేసుకున్నానండీ."

ఈసారి స్తోత్రం రాలేదు. రాహేలు ఆపలేదు. వీధిలోంచి కౌంటరు దాకా అది తన మెడలో ఉందని, అక్కడొక ఆవిడ తన నోటి వెంట నిజం విని కూడా గది ఇచ్చిందని, అది తీసేయమని చెప్పింది కూడా ఆవిడేనని చెప్పింది. ఆవిడ మెడలో గొలుసు సంగతి మాత్రం చెప్పలేదు. అది తన సాక్ష్యం కాదు. "నేను చేసింది తప్పే. కానీ ఆ రాత్రి అక్కడికి వెళ్లకపోతే ఆవిణ్ణి చూసేదాన్ని కాదు. దేవుడికి దేనికి క్షమాపణ చెప్పాలో, దేనికి స్తోత్రం చెప్పాలో నాకు విడదీయటం రావట్లేదండీ. రెండూ చెబుతున్నాను," అని కూర్చుంది.

కృపావరంగారు డెబ్భై దాటిన మనిషి, రిటైరైన మేష్టారు. బల్ల దగ్గర నిలబడి చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. సంఘంలో అందరికీ ఆయన అనబోయేది ముందే తెలిసినట్టు, ఎవరూ ఆయన మొహం చూడలేదు.

"ఆ తల్లి పేరేంటమ్మా?" అని అడిగాడు.

"ఉమాశ్రీ అండీ. గుడివాడ."

ముందు వరసలో ఒకావిడ, మనవాళ్లేనా అని అడిగింది. కాదని రాహేలు చెప్పింది. అయితేనేం అన్నట్టు కృపావరంగారు చెయ్యి ఊపి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. పేరు పెట్టి చేశాడు. పరాయి ఊళ్లో ఒంటరిగా ఉన్న ఆ బిడ్డకు తోడుండమన్నాడు. ఆవిడ ఒంటరిగా ఉందని రాహేలు అనలేదు. ఆయనకు ఎలా తోచిందో మరి. రాహేలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ప్రార్థన అయ్యాక ఆయన రొట్టె విరిచి పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు. ఎప్పుడూ మొదటి వరస చివర కూర్చున్నవాళ్లకు అందిస్తాడు. ఇవాళ అందుకోబోయిన చేతిని దాటి నడిచాడు. కాళ్లనొప్పుల మనిషి, కుర్చీలు పట్టుకుంటూ మెల్లగా వెనక వరసకు వచ్చి, వినీల ముందు ఆగాడు.

"ఎందుకు వేసుకున్నావని నిన్ను నేను అడగనే లేదు తల్లీ," అన్నాడు. "అడగాల్సింది. తప్పు నాది."

"కూడిక అయ్యాక చెబుతాను మేష్టారూ," అంది వినీల.

"చెబుదువుగాని. ముందు ఇది తీసుకోండి, ఇద్దరూ."

వినీల తీసుకుంది. రాహేలు తీసుకుంది. ఆ ఆదివారం పళ్లెం వెనక వరసలో బయల్దేరి ముందు వరసకు వెళ్లింది.